డిండి వాగు దాటిన ఎర్రంగీ

నల్గొండ బజారు

ఇప్పుడైతే నల్గొండలో పొద్దున బస్సెక్కితే డిండి వాగు దాటి అచ్చంపేట దిక్కున ఏ ఊళ్లోనైనా పగటి భోజనానికి దిగొచ్చు. నిజాం రాజ్యంలోకి యూనియన్ మిలటరీ వచ్చిన ఆ ఏడు అట్లా కాదు. ఆ దారిన పోయేవాడు పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చి, వచ్చేదాకా ఇల్లు చూడమని చెప్పి మరీ పోయేవాడు. అట్లాంటి రోజుల్లో నేనూ మా అమ్మా బయలుదేరింది తీర్థానికి కాదు, పెళ్లికీ కాదు. ఏడాది నిండుతున్న ఒక పిల్లవాడి పుట్టినరోజుకు. "పానం మీదికి తెచ్చుకునేంత పుట్టినరోజా సారూ?" అని మా ఎదురింటి పెద్దమనిషి అడిగాడు. ఆయనకు చెప్పలేదు గానీ, మీకు చెబుతాను.

మా చెల్లెలు యశోదను డిండి వాగు అవతల, గుట్టల కింద ఉన్న ఒక ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఇంట్లో ఇచ్చాం. ఆ ఊరి పేరు, మా బావ పేరు రాయను. అప్పుడు రాయకూడని పేర్లు, ఇప్పుడు రాయబుద్ధి కావు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ ఆ ఏడాది దారుల నిండా రజాకార్లు. నిండు చూలాలిని బండెక్కించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పిల్లవాడు అక్కడే పుట్టాడు. వాడు బోర్లా పడకముందే పక్క ఊరు తగలబడింది. మా బావ ఎర్రజెండా సంఘం వాళ్లతో కలిసి గుట్టలెక్కాడు. తర్వాత మిలటరీ వచ్చింది, రజాకార్లు మాయమయ్యారు, ఇక బావ దిగివస్తాడని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. దిగలేదు. మిలటరీ ఇప్పుడు సంఘం వాళ్లను వెతకడం మొదలుపెట్టింది. అమ్మా నేనూ పిల్లవాడి ముఖమే చూడలేదు. తండ్రి చూశాడు గానీ, పొత్తిళ్లలో చూశాడు.

పుట్టువెంట్రుకలు ఏడాది లోపల తీయాలి, తప్పితే మూడో ఏటిదాకా ఆగాలి. అదీ మేనమామ ఒడిలో కూర్చోబెట్టే తీయాలి. వాడికున్న మేనమామను నేనొక్కడినే. మూడో ఏటికి మాలో ఎవరు ఎక్కడుంటామో చెప్పగలిగిన మనిషి ఆ రోజుల్లో మా జిల్లాలో లేడు. గాజులమ్ముకునే ఒకామె యశోద మాటను మా గడప దాకా మోసుకొచ్చింది. "అన్న రాకుంటే పిలగాని నెత్తి మీద కత్తి పెట్టనియ్య అన్నది సారూ. ఇంగోటి గూడ అన్నది, జర మెల్లగ. ఆ దినం ఆయన గూడ పిలగాన్ని ఒక్కపారి సూస్తే బాగుండు అన్నది."

మొదటి మాట నా చేతిలో ఉంది. రెండోది ఎవరి చేతిలో ఉందో తెలియక నాకు అన్నం సహించలేదు. నేను మామూలుగానే ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. ఆ మాట విన్న తర్వాత బడిలో పాఠం చెబుతూ కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

బట్టల దుకాణంలో మా అమ్మ ఎర్రబట్ట అడిగింది. దుకాణదారు వీధి అటూ ఇటూ చూసి, లోపలి గదిలోంచి తానును చంకలో పెట్టుకుని తెచ్చాడు.

"అమ్మా, గీ దినాలల్ల ఎర్రబట్ట పట్టుకొని ఎవడన్న తిరుగుతడా? పచ్చది తీసుకుందాం" అన్నాను.

"పుట్టెంటికలైనంక తానం పోసి మేనమామ ఎర్రంగీ తొడగాలె. దిష్టి తగలది. మీ మామ నీకు తొడగలేదా? గట్లనే గదా గింత దుడ్డుగైనవ్" అంది అమ్మ.

గజం రూపాయి పావలా చెప్పాడు, నిజాం నాణెం హాలీ సిక్కాలో. యుద్ధానికి ముందు ఆ ధరకు ఇంటిల్లిపాదికీ అంగీలు వచ్చేవి. గజంన్నర తీసుకున్నాం. ఇక్కడే కుట్టించుకుని పోదామంటే అమ్మ నా మీద కస్సుమంది. ముఖం చూడని బిడ్డకు కుట్టిన బట్ట తీసుకుపోకూడదట. కొలత తప్పితే మంచిది కాదట. ఎందుకు మంచిది కాదో నోటితో అనడానికి కూడా ఆమె ఒప్పుకోలేదు. ఎర్రబట్టను మడత విప్పకుండా, అట్లాగే తాను ముక్కగా, నా సంచిలో అడుగున పెట్టింది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నేను నా షేర్వాణీ వేసుకున్నాను. సర్కారీ బడి పంతులుకు అదే మర్యాద గల వేషం, దారిలో పనికొస్తుందనుకున్నాను. నా తెలివికి నేనే ఇప్పుడు నవ్వుకుంటాను.

తెగిన రోడ్డు

బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్లందరం దిగి నడవాలి. దేవరకొండ ఇంకా చాలా దూరముందనగా బస్సు ఆగిపోయింది. ముందు రోడ్డుకు అడ్డంగా పెద్ద కందకం. సంఘం వాళ్లు మిలటరీ బండ్లు పోకుండా తవ్వి పోయారు. డ్రైవరు బీడీ ముట్టించుకుని, "రాళ్లెయ్యిరి, పోదాం. లేకుంటే గీడనే పందాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. రేపటికి డిండి, ఎల్లుండికి ఊరు అని లెక్కలేసుకుంటున్న వాడికి ఇక్కడ రాళ్లు మోసే పని పడింది.

అమ్మ కందకం అంచున నిలబడి తిట్లు లంకించుకుంది. "గీ రోడ్డు తవ్వినోని చేతులు పడిపోను! వాని ఇల్లు పాడుగాను! పసిపిల్లగాని పండుగకు పోతుంటే అడ్డం తవ్వుతరా?"

నేను దగ్గరికి పోయి చెవిలో అన్నాను. "జర మెల్లగ అమ్మా. నీ అల్లుడే తవ్విండేమో."

అమ్మ నోరు టక్కున మూతపడింది. కందకంలోకి తొంగి చూసింది. కాసేపాగి, "మంచిగనే తవ్విన్రు, లోతుంది" అని, కొంగు నడుముకు చుట్టి తానూ ఒక రాయి ఎత్తుకుంది. అంత తొందరలోనూ నాకు నవ్వాగలేదు.

గుట్టల వాలున సీతాఫలాలు ఏరుకుని వస్తున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి గంప దించింది. అర్ధణాకు అమ్మ ఒడి నింపింది. మా నల్గొండ బజారులో అదే అర్ధణాకు నాలుగు కాయలిచ్చి ఐదోది అడిగితే కొట్టొస్తారు. పండు తింటూ గింజలు ఊస్తూ రాళ్లు మోశాం. పొద్దు వాలాక గానీ బస్సు కందకం దాటలేదు.

దేవరకొండ

ఆ ఊళ్లో మాకు ముందూ వెనకా ఎవరూ లేరు. బస్సులో రాళ్లు మోసిన ఒకామె, "మా ఇంట్ల పండుండ్రి" అని వెంటబెట్టుకుని పోయింది. జొన్నరొట్టె, పుంటికూర అనే గోంగూర, పైన నూనెలో వేయించిన ఎండు మిరపకాయలు. సన్నబియ్యం అలవాటైన నా పళ్లకు ఆ రొట్టె కాస్త పని చెప్పింది గానీ, పుంటికూర పులుపుకు మూడో రొట్టె కూడా అడిగాను.

మా దిక్కున చుట్టం గడప తొక్కితే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు అని అడుగుతారు. ఇక్కడ ఆమె ఒక్క మాట అడగలేదు. అమ్మకు నోరు ఊరుకోక చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పేర్లు చెప్పకు అక్కా. రేపు ఎవడన్న వచ్చి అడుగుతె, తెల్వనిది ఎట్ల చెప్తం? తెల్వకుంటెనే మంచిది. రొట్టె తిను."

అన్నం పెట్టి పేరు అడగకపోవడం ఆ ఏడు అక్కడ పుట్టిన మర్యాద. నాకు ఆ మర్యాద చూసి భయమేసింది. రోజూ ఇట్లా బతుకుతున్నవాళ్ల మధ్య మా యశోద ఏడాదిగా ఎట్లా ఉందో అనుకుంటూ, అరుగు మీద లేస్తూ కూర్చుంటూ తెల్లవార్చాను.

డిండి దగ్గర దర్జీ

డిండికి ఎద్దుబండి దొరికింది. బండి తోలే మల్లయ్య మంచి మాటకారి. ఎద్దులతో ఎక్కువ, మాతో తక్కువ మాట్లాడేవాడు. వాగు ఇవతల మిలటరీ చౌకీ. వాగు దాటితే పాలమూరు జిల్లా, ఆ పైన ఒక పూట నడకలో యశోద ఊరు. నాకు బండి దిగి పరుగెత్తాలని ఉంది.

చౌకీలో హవల్దారు ఆజానుబాహువు, మెలేసిన మీసాలు. ఉత్తరాది మనిషి. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడిగాడు. నేను నిజాం బడిలో నేర్చిన ఉర్దూను సభలో మాట్లాడినట్టు మాట్లాడాను. అతను నా షేర్వాణీని పైనుంచి కిందికి చూసి, "రజాకార్?" అన్నాడు. కాదు మహాప్రభో, పంతులునన్నాను. ఈలోగా ఒక సిపాయి నా సంచి బోర్లించాడు. అడుగునుంచి గజంన్నర ఎర్రబట్ట జారి, మడత విప్పుకుని దుమ్ములో పరుచుకుంది.

మల్లయ్య బండి మీది నుంచి నెమ్మదిగా దిగి ఎద్దుల చాటుకు పోయాడు.

హవల్దారు బట్టను లాఠీ కొసతో ఎత్తాడు. "రజాకార్ యా కమ్యూనిస్ట్? ఏక్ బోల్!"

అటు చూస్తే నా ఉర్దూ, ఇటు చూస్తే నా ఎర్రబట్ట. ఒక్క మనిషిని ఒకేసారి రెండు తప్పులకు పట్టుకోవడం నేనక్కడే చూశాను. మేనల్లుడి అంగీకి అని చెప్పాను. మరి కుట్టించలేదేమన్నాడు. చూడని పిల్లవాడికి కుట్టిన బట్ట తీసుకుపోకూడదని మా అమ్మ పట్టింపు అన్నాను. అది విని సిపాయిలు నవ్వారు. నిజం చెప్పినా అది అబద్ధంలా వినపడుతుంటే మనిషికి ఎంత కోపం వస్తుందో! అమ్మ మీద కూడా వచ్చింది. పచ్చది కొన్నా, నల్గొండలోనే కుట్టించినా ఈ పాటికి వాగు దాటేవాళ్లం.

అమ్మ మాత్రం హవల్దారు ఎదురుగా పోయి నిలబడింది. "ఓ కొడుకా, నేను సావుకు దగ్గరైన ముసల్దాన్ని. నా మన్మని మొకం నేనింక సూడలే. వాని నెత్తి మీది ఎంటికలు తీసేది ఎల్లుండి. పోనియ్యి" అంది. అతనికి తెలుగు రాదు. నేను తర్జుమా చేశాను.

హవల్దారు మీసం దువ్వుకుని ఆలోచించాడు. చౌకీ వెనక ఒక దర్జీ ఉన్నాడట. పిల్లవాడి అంగీయే అయితే ఇక్కడే, తన కళ్ల ముందు కుట్టించాలన్నాడు. ఒక్క ముక్క మిగలకూడదు. జెండాకు పనికొచ్చే పేలిక మిగిలినా నేను తనతోనే ఉండిపోవాలి.

దర్జీ సాయిబు దుకాణం తలుపు ఒక రెక్క మూసే ఉంది. పొడుగ్గా, పలచగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. లాఠీని, బట్టను, నన్ను చూసి రెండో రెక్క కూడా మూయబోయి ఆగాడు. ఆ నెలల్లో సాయిబుల ఇళ్లు ఎన్ని ఖాళీ అయ్యాయో మీకు తెలిసే ఉంటుంది. అతని కొడుకు కూడా పట్నానికి పారిపోయాడు. చిన్న మనవణ్ణి ముసలాయన దగ్గర వదిలి పోయాడు.

"నేను యాడికి పోలె సారూ. గింత బరువు మిషను మోసుకొని యాడికి పోవాలె?" అన్నాడు నాతో, మెల్లగా. తర్వాత అడిగాడు. "పిలగాడు ఎంతున్నడు?"

ఎంతున్నాడు? నాకేం తెలుసు! నేను రెండు చేతులూ చాపి ఇంత అన్నాను. అమ్మ నా చేతులు ఇంకాస్త ఎడం చేసి ఇంత అంది. ఎద్దుల చాటునుంచి మల్లయ్య కూడా తన లెక్క చూపించాడు. ఇదంతా చూస్తున్న హవల్దారు తనూ అరచేతిని మోకాలి దగ్గర పెట్టి, ఏడాది పిల్లలు ఇంతే ఉంటారన్నట్టు చూపించాడు. చూపించి, ఆ చెయ్యిని తనే ఒకసారి చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు.

"అడుగురా, వానికి పిల్లలున్నరేమో" అంది అమ్మ.

అడిగాను. ఒక కూతురట. అతను సెలవు ముగించుకుని వచ్చాక పుట్టిందట. ఉత్తరం అందింది, బిడ్డను చూడలేదు. చెప్పి మళ్లీ ముఖం గట్టిగా పెట్టుకున్నాడు.

"అయ్యో" అంది అమ్మ. వెంటనే, "అయినా వీని చౌకీ పాడుగాను, మనల్ని ఆపుతడా!" అని కూడా అంది. దాన్ని నేను తర్జుమా చేయలేదు.

దర్జీ సాయిబు మనవణ్ణి పిలిచి, వాణ్ణి కొలిచి గుడ్డ కత్తిరించబోయాడు. వాడికి మూడేళ్లుంటాయి. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "వేరే పిలగాని కొలతకు కుడుతవా? నేనొద్దన్నది గిదే గదయ్యా!"

సాయిబు కత్తెర ఆపి తలెత్తాడు. "అమ్మా, నా మన్మని ఆయుష్షు గూడ కలిపి కుడుతున్న. ఫికర్ చెయ్యకు."

అమ్మ గుండె మీది చెయ్యి తీసి, ఆ పిల్లవాడి భుజాలు పట్టి కొలతకు నిలబెట్టింది. నేను తలుపు బయట పచార్లు చేశాను. మిషను ఎప్పటికీ ఆగదే! ముక్క మిగలకూడదు కాబట్టి అంగీ పాదాల దాకా వచ్చింది. చేతులకు కుచ్చులు వచ్చాయి. మూడు జేబులు వచ్చాయి. ఇంకా మిగిలితే టోపీ వచ్చింది. హవల్దారు అంగీని ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేల మీది దారప్పోగులు కూడా ఏరించాడు. అప్పుడు మొదటిసారి మీసాల కింద నవ్వాడు.

కుట్టుకూలి సాయిబు న్యాయంగా తీసుకున్నాడు. అమ్మ మిగిలిన సీతాఫలాలన్నీ అతని మనవడి ఒళ్లో పోసింది.

వాగు అవతల

ఎద్దులు వాగులో నీళ్లు తాగుతుంటే కూడా నాకు ఓపిక లేదు. ఊరు చేరేసరికి యశోద వాకిట్లోనే ఉంది. సగమైపోయింది. "అన్నా, వచ్చినవా!" అని నా చేతులు పట్టుకుని, పట్టుకున్న చేతుల్నే చూస్తూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

మేనల్లుణ్ణి చూశాను. బొద్దుగా, నల్లగా, నెత్తి మీద పిలకతో ఉన్నాడు. నా షేర్వాణీని చూసి ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. ఆ కోటు ఈ ప్రయాణంలో ఎవరికీ నచ్చలేదు. విప్పి దండెం మీద పడేశాను, మళ్లీ నల్గొండ దాకా తొడగలేదు. అమ్మ మాత్రం వాణ్ణి చంకనేసుకుని దింపలేదు. అంగీ చూసి ఇల్లంతా ఒకటే నవ్వు. "గిది పిలగానికా, పిలగాని పెండ్లికా?" అంది యశోద తోడికోడలు. టోపీ చెవుల మీదుగా ముక్కు దాకా దిగింది.

ఆ ఇల్లు నిండా మనుషులు. బావ తమ్ముళ్లు, వాళ్ల భార్యలు, ఏడెనిమిది మంది పిల్లలు, పొరుగూళ్ల నుంచి వచ్చిన మేనత్తలు. ఎవరూ ఒకచోట నిలవరు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు, కుక్క మొరిగితే అందరూ లేస్తారు. నాలాంటివాళ్లు ఇంతమంది ఒకే ఇంట్లో ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. వాకిట్లో నిలబడి ఎవరూ ఎదురుగా ఉన్న గుట్ట దిక్కు చూడకూడదు. పిల్లలక్కూడా తెలుసు. నేను ఊరికే తలెత్తి చూస్తే బావ వాళ్లమ్మ నా భుజం పట్టి ఇటు తిప్పింది.

"గటు సూడొద్దు కొడుకా. మనం సూసే దిక్కే మిలటరోళ్లు సూస్తరు."

భక్షాలకు పప్పు రుబ్బుతున్నారు. బొబ్బట్లే, మా దిక్కు పోలెలంటాం. వీళ్లవి చిన్నవి, మందం, బెల్లం ఎక్కువ. బావ తమ్ముళ్లు కోళ్లు కోసే మాట మాట్లాడుకుంటున్నారు. ఎవరూ బావ మాట ఎత్తరు. యశోద మాత్రం భక్షాల పళ్లెంలో ఒక పక్కగా కొన్ని వేరుగా సర్దుతూ ఉంది. అవి ఎవరికని నేను అడగలేదు.

ఒడి

పుట్టినరోజు పొద్దున మంగలి నర్సయ్య కత్తి నూరుతుండగానే మిలటరీ వచ్చింది. ముందు నడుస్తున్నది మా చౌకీ హవల్దారే! వెంట నలుగురు సిపాయిలు. తుపాకులు. ఏ ఊరికి పోతున్నామో, ఎల్లుండి పిల్లవాడి వెంట్రుకలు తీస్తారని చౌకీలో చెప్పింది మేమే. ఈ ఇంటి పెద్దకొడుకు కోసం వెతుకుతున్నవాళ్లకు, కన్నకొడుకు పుట్టినరోజుకు తండ్రి దిగిరాకుండా ఉండడని తెలుసుకోవడం ఎంతసేపు? హవల్దారు ఇంట్లో మగవాళ్లందరినీ చూసుకుని, సిపాయిలు నలుగుర్నీ నాలుగు మూలలా నిలబెట్టి, తను వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. బావ వాళ్లమ్మ చెంబుతో చల్ల తెచ్చి ఇచ్చింది. తాగాడు. నిన్నటిదాకా బావ రావాలని మొక్కిన యశోదే, ఇప్పుడు రాకుండా ఉంటే చాలు దేవుడా అని మొక్కుకుంటోంది.

నర్సయ్య "మేనమామ కూసోవాలె" అన్నాడు. కూర్చున్నాను. మా దిక్కు మేనమామ మూడు కత్తెర్లు వేస్తే ఒడి దించొచ్చు. వీళ్ల దగ్గర గుండు పూర్తయ్యేదాకా దించకూడదు. కుదురు లేని మామ ఒడిలో కుదురు లేని అల్లుడు! వాడు తంతాడు, గీరుతాడు, నర్సయ్య చేతిలో కత్తి వణుకుతుంది. పొద్దున్నే నా ప్రాణం అరచేతిలోకి వచ్చింది. రెండు మోకాళ్లతో వాణ్ణి బిగించి పట్టుకుని, నోటికొచ్చిన పద్యాలన్నీ పాడాను. జీవితంలో అంతసేపు కదలకుండా కూర్చున్నది అదొక్కసారే.

గుండు కాగానే వాడికి నీళ్లు పోశారు. అంగీ తొడిగాను, టోపీ పెట్టాను. అప్పుడు మేకలు కాసే ఎల్లవ్వ దడి దగ్గరికి వచ్చి, మేకలకు ఉప్పు కావాలని అడిగింది. ఉప్పు తెచ్చిన బావ వాళ్లమ్మతో మాట్లాడుతూ, చేతులు మేక మెడ మీదే ఉంచి, పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది. నేనూ యశోదా పక్కనే ఉన్నాం.

"పెద్దబండ కాడ ఉన్నడు. కిందికి దిగనియ్యలేదు నేను, తోవల మిలటరోళ్లు కానొచ్చిన్రని చెప్పిన. నిన్న పొద్దుగూకాల నుంచి సూస్తుండు. వాకిట్ల పిల్లలే పిల్లలాయె, గండ్ల నావోడెవడో ఎర్కైతలేదంటుండు. జర ఎత్తి సూపియ్యున్రి."

ఎత్తి చూపించాలి. అంతే. పిల్లవాడు నా చేతుల్లోనే ఉన్నాడు. రెండు చేతులు పైకి లేపితే అయిపోతుంది. కానీ మంచం మీది మనిషి నన్నే చూస్తున్నాడు. గుట్ట వైపు తిరిగి పిల్లవాణ్ణి ఎత్తితే, నా వెనకే నాలుగు తుపాకులూ తిరుగుతాయి. యశోద నా కళ్లలోకి చూసింది. ఎత్తమన్నట్టూ చూసింది, వద్దన్నట్టూ చూసింది. నేను లేచాను. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను. నా మీద నాకే అసహ్యమేసింది.

నా చేతుల్లోంచి కిందికి జారి, పిల్లవాడు ఆ పొడుగు అంగీని ఈడ్చుకుంటూ నేల మీద పాకాడు. నేరుగా మంచం దగ్గరికి పోయి, హవల్దారు బూటు నాడా పట్టుకున్నాడు.

హవల్దారు కిందికి చూశాడు. ఎర్రంగీ చూశాడు, మూడు జేబులు చూశాడు, ముక్కు దాకా దిగిన టోపీ చూశాడు. "అరే! మేరా కుర్తా!" అని పెద్దగా నవ్వాడు. తుపాకీ మంచానికి ఆనించి, వాణ్ణి రెండు చంకల కింద పట్టుకుని లేపాడు. లేచి నిలబడి, తన నెత్తికంటే పైకి ఎత్తాడు. అతని వీపు గుట్టకు. తల పైకెత్తిన పిల్లవాడి ముఖం గుట్ట దిక్కుకు. ఆజానుబాహువు పైన ఎర్రగా ఎండలో నిలబడ్డాడు మా వాడు. కిందా మీదా ఊపితే కిలకిలా నవ్వాడు.

అందరం హవల్దారు చేతుల వైపే చూస్తున్నాం. గుట్ట దిక్కు ఎవరూ చూడలేదు.

అతను దింపబోయాడు. అమ్మ నా డొక్కలో పొడిచింది. "ఇంగోపారి ఎత్తుమనురా!"

"ఏక్ బార్ ఔర్, హవల్దార్ సాబ్!" అన్నాను. నా ఉర్దూ ఆ ప్రయాణంలో మొదటిసారి పనికొచ్చింది.

మళ్లీ ఎత్తాడు. ఈసారి ఇంకా పైకి, ఇంకా ఎక్కువసేపు. కిందికి దించి, వాడి గుండు మీద ముద్దు పెట్టుకుని, నా చేతికిచ్చాడు. మధ్యాహ్నం దాకా చూసి, ఎవరూ రాకపోయేసరికి సిపాయిలను పిలుచుకుని బయలుదేరాడు. పోతూ పోతూ నాతో ఉర్దూలో అన్నాడు, కొడుకు పుట్టినరోజుకైనా రాలేదు, ఇదేం తండ్రి అని.

"ఏమంటుండన్నా?" అని యశోద అడిగింది.

"పిలగాడు మంచిగున్నడంటుండు" అన్నాను.

పొద్దు గూకే ముందు ఎల్లవ్వ మేకల్ని మళ్లేసుకుని దడి దగ్గర ఆగింది. యశోద వేరుగా సర్దిన భక్షాలు పొద్దున ఆమె కొంగులోనే పోయాయని నాకప్పుడు అర్థమైంది. కొంగు ఖాళీగా ఉంది.

"సూసిండు" అంది. "టోపీ గూడ సూసిండు."

"ఏమన్నడవ్వా?" అంది యశోద.

"ఏమంటడు బిడ్డా. గంత పెద్ద అంగీ ఎవడు కుట్టిండని నవ్విండు. అటెన్క ఏడ్సిండు."

యశోద గోడ వైపు తిరిగి ఏడ్చింది.

తిరుగు బండి

తిరుగు ప్రయాణంలో డిండి దగ్గర దర్జీ సాయిబు తలుపు రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. సిపాయిల చొక్కాలు కుడుతున్నాడు. అంగీ సరిపోయిందా అని అడిగాడు. సరిగ్గా సరిపోయిందని అమ్మ చెప్పింది, మల్లయ్య కిందికి చూసి నవ్వుకున్నాడు.

చౌకీ దగ్గర ఈసారి ఎవరూ ఆపలేదు. హవల్దారు దూరం నుంచే చెయ్యి ఊపాడు. త్వరగా పోదామని నేను మల్లయ్య వీపు తడుతుంటే, అమ్మ బండి ఆపమంది. మాకోసం యశోద కట్టిచ్చిన భక్షాల మూటంతా తీసుకుని, దిగి, నడుచుకుంటూ పోయి అతని చేతుల్లో పెట్టింది. అతను తెల్లబోయి మూటను, ఆమెను మార్చి మార్చి చూశాడు. అమ్మ వెనక్కి వచ్చి బండెక్కింది.

దారిలో తినడానికి మాకు ఒక్కటి కూడా మిగల్లేదు. నాకు కోపమొచ్చింది. "పోయేటప్పుడు వాని చౌకీ పాడుగాను అన్నవ్. ఇప్పుడేమో ఉన్నయన్ని వానికే పెట్టినవ్. ఎందుకమ్మా?"

అమ్మ చౌకీ దిక్కు తిరిగి చూస్తూనే ఉంది.

"మన పిలగాన్ని వాడు ఎత్తి సూపిచ్చిండు. వాని బిడ్డను వానికి ఎవరెత్తి సూపిస్తర్రా?"